మైదా లేని శాండ్‌విచ్ బ్రెడ్: ఐదు నెలల నా అనుభవం

మా వారికి ఉదయం షిఫ్టు ఉన్న రోజుల్లో మా ఇంట్లో స్టవ్ నాలుగున్నరకే వెలుగుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ వేళకు ఆయన బాక్సులో నేను సర్దేది ఒకటే: రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసిన ఆమ్లెట్. ఇడ్లీ చల్లారితే గట్టిపడుతుంది, ఉప్మా తినాలంటే చెంచా, కూర్చునే చోటు, చేయి కడుక్కునే వీలు కావాలి. యంత్రాల పక్కన నిలబడి నాలుగు నిమిషాల్లో ముగించగలిగిన తిండి ఇదొక్కటేనని ఆయన అంటారు. కిందటి సంవత్సరం చేయించిన రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే అంకె, 7.9 వచ్చింది, 6.5 దగ్గరి నుంచే మధుమేహంగా లెక్క. మందులు రాసిన డాక్టరుగారు అన్నం సగానికి తగ్గించమన్నారు, బ్రెడ్డు పూర్తిగా మానేయమన్నారు. అన్నం విషయంలో ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. బ్రెడ్డు మాట వచ్చేసరికి మాత్రం, “మరి షిఫ్టులో ఏం తినను?” అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను, తెల్ల బ్రెడ్డు మానేసి బ్రౌన్ బ్రెడ్డు కొన్నాను. ఆ ప్యాకెట్టు వెనుక ఉన్న చిన్న అక్షరాలను భూతద్దం పెట్టుకుని చదివిన రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. మన దేశంలో ఆహార పదార్థాల ప్యాకెట్ల మీద, ఏది ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు రాయాలన్న నియమం ఉంది. ఆ జాబితాలో మొదటి పేరు మైదా. గోధుమ పిండి రెండో స్థానంలో, అదీ తక్కువ శాతంలో ఉంది. ముదురు రంగు కోసం చక్కెరను మాడ్చి చేసే కారమెల్ కలిపారు. రంగు చూసి మోసపోయి మూడు వారాల పాటు అదే ఆయనకు పెట్టాను. ఇప్పుడు ఏ ప్యాకెట్టు కొన్నా ముందు వైపు చూడను, వెనక్కి తిప్పి మొదటి మూడు పేర్లు చదువుతాను.

ఆ తర్వాత తెలిసినవాళ్లు జొన్నపిండి, రాగిపిండితో బ్రెడ్డు చేయమన్నారు. చిరుధాన్యాల మీద నాకు గౌరవం ఉంది, వాటిలో పీచు, ఖనిజాలు మైదా కంటే ఎక్కువ ఉంటాయన్నది వాస్తవం. కానీ నాకు కావలసింది పిండిపదార్థం తక్కువగా ఉన్న రొట్టె. 100 గ్రాముల మైదాలో పిండిపదార్థం సుమారు 75 గ్రాములు ఉంటే, జొన్నల్లోనూ రాగుల్లోనూ అది 70 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. మేలైన ధాన్యం అన్న మాటకూ, పిండిపదార్థం తక్కువ అన్న మాటకూ చాలా దూరం ఉంది. ఈ రెండింటినీ కలిపేసి చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఎంతయినా తినవచ్చని చెప్పేవారిని చూస్తే నాకు భయమేస్తుంది. కాబట్టి ధాన్యం వదిలి గింజల వైపు వెళ్లాను.

మొదటి ప్రయత్నం బాదం పిండితో. బజారులో దొరికే బాదం పొడి ఖరీదు చూసి, ఇంట్లోనే చేయాలనుకున్నాను. బాదం పప్పును మరుగుతున్న నీటిలో ఒక్క నిమిషం ఉంచి, పొట్టు వలిచి, గుడ్డ మీద ఒక పూట ఫ్యాను కింద ఆరబెట్టి, తడి పూర్తిగా పోయేదాకా ఓవెన్‌లో సన్నని వేడి మీద ఉంచి, చల్లారాక మిక్సీలో వేశాను. ఇక్కడ తొందరపడకూడదు. మిక్సీని ఆపకుండా తిప్పితే గింజలు వేడెక్కి నూనె వదిలి పొడికి బదులు ముద్ద అవుతుంది. మూడు సెకన్లు తిప్పడం, ఆపడం, గిన్నెను కుదపడం, మళ్లీ తిప్పడం, ఆ తర్వాత జల్లించడం. ఆ పొడి 200 గ్రాములు, నాలుగు గుడ్లు, కరిగించిన వెన్న, బేకింగ్ పౌడర్ కలిపి కాల్చాను. ఓవెన్ నుంచి మంచి వాసన వచ్చింది, రంగు కూడా బంగారంలా తేలింది. కాని అది ఒకటిన్నర అంగుళం మించి లేవలేదు, తింటే తీపి లేని కేకులా ఉంది, గుడ్డు వాసన కొట్టింది. ముక్కల మధ్య ఆమ్లెట్ పెట్టి కొరికితే రెండో కొరుకుకే పొడి పొడిగా రాలిపోయింది. మా వారు ఏమీ అనకుండా ఆమ్లెట్ విడిగా, రొట్టె విడిగా తిన్నారు. ఆయన మౌనం నన్ను బాధించింది, కానీ రొట్టెకు కావలసింది రుచి ఒక్కటే కాదని, పట్టు ఉండాలని ఆ రోజే అర్థమైంది.

పట్టు కోసం రెండోసారి ఇసబ్గోల్ పొట్టు తెచ్చాను. మలబద్ధకానికి రాత్రిపూట నీళ్లలో కలుపుకుని తాగే ఇసబ్గోలే ఇది. గుజరాత్‌లోని ఊంఝా, సిద్ధపూర్ ప్రాంతాలు ఈ వ్యాపారానికి పెట్టింది పేరు. దాదాపు మొత్తం పీచే కావడం వల్ల రక్తంలో చక్కెరను పెంచదు, నీరు తగలగానే జిగురులా మారి పిండిని ఒక్కటిగా పట్టుకుంటుంది. 150 గ్రాముల బాదం పొడి, 40 గ్రాముల ఇసబ్గోల్ పొడి, మూడు గుడ్ల తెల్లసొన, వెనిగర్, బేకింగ్ పౌడర్, మరిగిన నీళ్లు కలిపితే ఈసారి నిజంగా చేతితో మలచగలిగే ముద్ద తయారైంది. లేచింది కూడా. కానీ కోసి చూస్తే పై పొర కింద గుహలాంటి ఖాళీ, దాని అడుగున బంక బంకగా ఉడకని ముద్ద, పైగా ముక్క మొత్తం లేత వంకాయ రంగు. ఏదైనా పాడైపోయిందేమో అని గాభరాపడి మొత్తం పారేశాను. ఆ రంగు కొన్ని రకాల ఇసబ్గోల్ పొడితోనే వస్తుందని, దానివల్ల హాని లేదని, వేరే రకం వాడితే పోతుందని తర్వాత తెలుసుకున్నాను. బంకకు మాత్రం కారణం నేనే. మా విశాఖపట్నం గాలిలో తేమకు పొట్టు డబ్బాలోనే కాస్త నీరు పీల్చుకుని ఉంది, దాని మీద కొలత ప్రకారం నీళ్లన్నీ పోశాను. అది చాలదన్నట్టు రొట్టె వేడి మీద ఉండగానే కోశాను. ఇసబ్గోల్ జిగురు చల్లారితేనే గట్టిపడుతుంది. వేడిగా కోస్తే లోపలంతా పచ్చిగానే ఉంటుంది.

అప్పటికి రెండు నెలలు గడిచాయి. నాకు ఒక సందేహం పట్టుకుంది: గోధుమలో రొట్టెను నిలబెట్టేది ఏమిటి? ఒక ఆదివారం మధ్యాహ్నం 200 గ్రాముల మైదాను చపాతీ పిండిలా గట్టిగా కలిపి, అరగంట నాననిచ్చి, వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి ఆ ముద్దను నీళ్లలోనే పిసకడం మొదలుపెట్టాను. మొదటి రెండు నిమిషాల్లోనే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. వంపేసి మళ్లీ నీళ్లు పోశాను. ఐదారు సార్లయ్యాక నీళ్లు దాదాపు తేటగా మారాయి. ముద్ద మాత్రం తగ్గి తగ్గి పెద్ద నిమ్మకాయంత అయింది. దాన్ని రెండు చేతులతో లాగితే తెగకుండా పొరలా సాగింది, వదిలితే వెనక్కి ముడుచుకుంది. పక్కన పెట్టిన తెల్ల నీళ్లు గంటలో తేరి, అడుగున సుద్దలాంటి పిండి పేరుకుంది. ఆ అడుగున పేరుకున్నదే మా వారి రక్తంలో చక్కెరగా మారే పదార్థం. నా చేతిలో సాగుతున్నది గ్లూటెన్ అనే మాంసకృత్తి. రెండూ ఒకే గింజలో ఉన్నా ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయని కళ్లారా చూశాను.

ఇటలీలోని బొలోనా నగరంలో బెక్కారి అనే శాస్త్రవేత్త గోధుమ పిండిని ఇలాగే కడిగి గ్లూటెన్‌ను వేరు చేశారు, ఆ వివరం 1745లో అచ్చయింది. మరో వందేళ్లకు ఫ్రాన్సులో అపొల్లినేర్ బుషార్దా మధుమేహ రోగుల కోసం గ్లూటెన్ రొట్టెను వాడుకలోకి తెచ్చారు. 1921లో ఇన్సులిన్ కనుగొనక ముందు ఆ జబ్బుకు తిండిని అదుపు చేయడం తప్ప వేరే ఆధారం దాదాపు లేదు. నేను కొత్తగా కనిపెడుతున్నాననుకున్న దారిలో అంత కాలం క్రితమే ఎవరో రోగుల కోసం నడిచారని తెలిసినప్పుడు నాకు కొండంత ధైర్యం వచ్చింది.

ఇంట్లో కడిగి తీసిన తడి గ్లూటెన్ మిగతా పొడులతో కలవదు. ఎండబెట్టి పొడి చేసినది వైటల్ వీట్ గ్లూటెన్ అన్న పేరుతో బేకరీ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. 100 గ్రాముల్లో 75 గ్రాములకు పైగా మాంసకృత్తులే, పిండిపదార్థం సుమారు 14 గ్రాములు. దానికి తోడు అవిసె గింజల పొడి తీసుకున్నాను. అవిసెల్లో 100 గ్రాములకు 29 గ్రాముల పిండిపదార్థం కనిపించినా, అందులో 27 గ్రాములు పీచే.

గ్లూటెన్ ఎక్కువైతే మేలే కదా అని మూడోసారి 160 గ్రాములు వేసి, చపాతీ పిండిని మర్దించిన అలవాటు కొద్దీ పావుగంట సేపు పిసికాను. పిండి టిన్ను అంచు దాటి రెండంగుళాలు పొంగింది. ఇరవయ్యో నిమిషంలో ఆత్రం పట్టలేక ఓవెన్ తలుపు తీశాను. నా కళ్ల ముందే నడిమి భాగం నెమ్మదిగా కుంగింది; చల్లారేసరికి రెండు పక్కలూ నడుముకు తాడు బిగించినట్టు లోపలికి నొక్కుకుపోయాయి. ముక్క నమిలితే రబ్బరులా ఉంది. గ్లూటెన్‌ను ఎక్కువ మర్దిస్తే బిగుసుకుపోతుంది, ఎక్కువ పొంగనిస్తే పలచబడి బరువు మోయలేకపోతుంది, లోపలి గోడలు గట్టిపడక ముందే తలుపు తీస్తే కూలిపోతుంది. మూడు తప్పులూ ఒకే రొట్టెలో చేశాను.

ఆ తర్వాత పదకొండు రొట్టెలు చేసి కొలతలు స్థిరపరిచాను. ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. అన్నీ తూకం వేసే తీసుకుంటాను. కప్పుల కొలత ఈ రొట్టెకు పనికిరాదు, ఎందుకంటే ఒకే కప్పు అవిసె పొడి వదులుగా పోస్తే ఒక బరువు, అదిమితే ఇంకో బరువు తూగుతుంది. గ్లూటెన్ 120 గ్రాములు, అప్పటికప్పుడు మిక్సీ పట్టిన అవిసె పొడి 80 గ్రాములు, బాదం పొడి 70 గ్రాములు, ఇసబ్గోల్ పొడి 12 గ్రాములు, ఉప్పు 6 గ్రాములు కలిపి రెండుసార్లు జల్లిస్తాను. జల్లించడం మానేస్తే గ్లూటెన్ ఒకచోట చేరి, నీళ్లు పడగానే చిన్న చిన్న ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఇక కరగవు. వేరే గిన్నెలో 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, 7 గ్రాముల ఈస్టు, ఒక చెంచా పంచదార వేసి పది నిమిషాలు ఉంచితే పైన నురుగు కడుతుంది. అందులో గిలక్కొట్టిన రెండు గుడ్లు, 30 గ్రాముల కరిగిన వెన్న కలిపి, పొడుల్లో పోసి, ఐదు నిమిషాలకు మించకుండా పిసుకుతాను. ముద్ద చేతికి కాస్త అంటుతూ, తడి బంకమట్టిలా ఉండాలి. గట్టిగా ఉందనిపిస్తే రెండు చెంచాల నీళ్లు చిలకరిస్తాను, జారుగా ఉంటే ఏమీ కలపకుండా పది నిమిషాలు వదిలేస్తాను. ఆలోగా ఇసబ్గోల్, అవిసె పొడి ఆ నీటిని పీల్చుకుంటాయి.

పంచదార చెంచా మా ఇంట్లో పెద్ద చర్చకే దారితీసింది. మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, “చక్కెర జబ్బు ఉన్నవాడికి చేసే రొట్టెలో పంచదారేమిటమ్మా?” అని అడిగారు. “అది ఆయనకు కాదత్తయ్యగారూ, ఈస్టుకు” అన్నాను. మామూలు రొట్టెలో పిండి నుంచే కొంత చక్కెర తయారై ఈస్టుకు ఆహారమవుతుంది. ఇందులో ఆ పిండి దాదాపు లేదు కాబట్టి మనమే కొంచెం అందించాలి. పిండి పొంగే లోపల ఈస్టు అందులో చాలా భాగం తినేసి, రొట్టెను లేపే గాలిగా మారుస్తుంది. ఆమె కాసేపు ఆలోచించి, “అంటే దోసెల పిండి పులిసినట్టే కదా” అన్నారు. ఇంత చక్కగా నేను చెప్పలేకపోయాను.

ముద్దను వెన్న రాసిన 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న టిన్నులో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచుతాను. మా ఊరి వేసవిలో 40 నిమిషాలు చాలు, చలికాలంలో గంటంబావు పడుతుంది. గడియారం కన్నా టిన్ను అంచే నాకు గుర్తు: పిండి అంచుకు సమంగా రాగానే ఓవెన్‌లో పెట్టేస్తాను, పైకి రానివ్వను. ముందుగా 180 డిగ్రీలకు వేడెక్కించిన ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) కింది అరలో పెట్టి, 20 నిమిషాలయ్యాక తలుపును ఒక్క క్షణం తీసి పైన అల్యూమినియం రేకు కప్పుతాను, లేకపోతే పై భాగం మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మూడో రొట్టెను కూల్చిన ఆ ఇరవయ్యో నిమిషమే ఇప్పుడు ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం గ్లూటెన్ తగ్గడం, పిండి అతిగా పొంగకపోవడం. మొత్తం 45 నుంచి 50 నిమిషాలు కాలుస్తాను. వంటింటి థర్మామీటర్ గుచ్చితే నడిమధ్యన 95 డిగ్రీలకు తక్కువ ఉండకూడదు. థర్మామీటర్ లేనివారు టిన్ను నుంచి తీసి అడుగున వేలితో తట్టి చూడవచ్చు, డొల్ల శబ్దం రావాలి. ఆ తర్వాత జాలీ మీద కనీసం రెండు గంటలు వదిలేయాలి. ఈ రెండు గంటలే అన్నిటికన్నా కష్టం, వాసన ఇల్లంతా కమ్మేసి ఉంటుంది. కానీ వేడి మీద కోసిన ప్రతిసారీ నష్టపోయాను.

ఇలా వచ్చిన రొట్టె సుమారు 560 గ్రాములు తూగుతుంది, 16 ముక్కలు కోస్తాను. నా లెక్క ప్రకారం పీచు మినహాయిస్తే ఒక్కో ముక్కలో పిండిపదార్థం 2 గ్రాములకు అటూ ఇటూ, మాంసకృత్తులు 8 గ్రాములు. కొనే తెల్ల బ్రెడ్డు ముక్కలో పిండిపదార్థం 14 గ్రాముల దాకా ఉంటుంది. అయితే కెలోరీలు తక్కువని ఎవరూ అనుకోకూడదు. బాదం, అవిసెలు, వెన్న, గుడ్లు ఉన్నందువల్ల ఈ ముక్కలో దాదాపు 100 కెలోరీలు ఉంటాయి, మామూలు బ్రెడ్డు కంటే కాస్త ఎక్కువే. ఖర్చు కూడా రొట్టెకు 200 రూపాయల దాకా అవుతోంది, కొనే బ్రెడ్డుతో పోలిస్తే నాలుగు రెట్లు. అందుకే ఇది ఇంటిల్లిపాదికీ కాదు, ఆయన బాక్సుకు మాత్రమే అని మొదట్లోనే నిర్ణయించుకున్నాం.

గ్లూకోమీటరుతో చూసిన సంగతి కూడా చెప్పాలి. పాత తెల్ల బ్రెడ్డు రెండు ముక్కలు, ఆమ్లెట్ తిన్న రెండు గంటలకు ఆయనకు 214 వచ్చింది. మూడు రోజుల తర్వాత, అదే వేళకు, అదే ఆమ్లెట్‌ను ఈ రొట్టెతో తిన్నాక 141 వచ్చింది. ఆ అంకె చూసి ఆయన మీటరును నా వైపు తిప్పి పట్టుకున్నారు, ఏమీ మాట్లాడలేదు. ఈసారి మౌనానికి అర్థం వేరు. ఒక మనిషికి రెండు పూటలు చూసిన అంకెలతో అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. డాక్టరుగారికి మాత్రం ఈ మార్పు వెంటనే తెలియజేశాం, అది చాలా అవసరం. చక్కెరను తగ్గించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుగారు చూసి మా వారి మందుల మోతాదు తగ్గించారు. ఇసబ్గోల్ ఉంది కాబట్టి నీళ్లు బాగా తాగమని, మందులకూ ఈ రొట్టెకూ మధ్య వ్యవధి ఉంచమని కూడా చెప్పారు. గ్లూటెన్ పడనివారు, గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నవారు ఈ రొట్టె జోలికి అసలు రాకూడదు, ఇందులో మామూలు రొట్టెలో కంటే గ్లూటెన్ ఎక్కువ.

నిల్వ గురించి ఒక మాట. ఇందులో నిల్వ మందులేమీ లేవు, బయట ఉంచితే మా సముద్రపు గాలికి మూడో రోజునే బూజు పడుతుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, మధ్య మధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో ఉంచుతాను, తెల్లవారుజామున రెండు ముక్కలు తీసి నేరుగా పెనం మీద కాలుస్తాను. కాల్చితేనే దీని రుచి తెలుస్తుంది, అంచులు కరకరలాడతాయి, అవిసెల కమ్మదనం బయటికి వస్తుంది. అవిసె గింజలు మాత్రం తాజావి కావాలి. పాతబడిన పొడికి వచ్చే చేదు వాసన రొట్టె మొత్తాన్ని పాడు చేస్తుంది, అందుకే గింజలు ఫ్రిజ్‌లో పెట్టి ఏ రోజుకు ఆ రోజే పొడి చేస్తాను.

ఇప్పుడు మా అత్తగారికీ ఈ రొట్టె తినాలని ఉంది, కాని ఆమె గుడ్డు ముట్టరు. గుడ్లకు బదులు చిక్కటి పెరుగు, మరో 8 గ్రాముల ఇసబ్గోల్ వేసి రెండుసార్లు చేశాను. మొదటిది ఇటుకలా వచ్చింది. రెండోది టిన్ను అంచుకు అంగుళం తక్కువగా ఆగింది, రుచి మాత్రం పుల్లగా, బాగుంది. పెరుగును గుడ్డలో కట్టి నీళ్లు వార్చాక వాడాలేమోనని ఈ వారం చూస్తున్నాను. మూట నిన్న రాత్రి నుంచి వంటింట్లో కుళాయికి వేలాడుతోంది.